చెయ్యి తగిలే ఎత్తులో కోత పెట్టకండి: డిస్నీ పార్కులను రీమోడల్ చేసేవారికి ఒక బహిరంగ లేఖ

వాల్ట్ డిస్నీ ఇమాజినీరింగ్‌లో గోడలు, నేలలు, సీలింగులు, లైట్లు ఎంపిక చేసే డిజైనర్లకీ, ఆ ఎంపికల పక్కనున్న అంకెలు చూసి ఎర్రపెన్ను తీసే పెద్దలకీ,

నమస్కారం.

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కాలిఫోర్నియాలో మావాళ్ళకి కొదవలేదు, ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదివించుకోండి. పైగా ఈ సంగతి మీ ఒక్కరిదే కాదు. మా దగ్గర మాల్స్‌లో పిల్లల ఆటస్థలాలు పెట్టేవాళ్ళు, ఊరి బయట రిసార్టులు కట్టేవాళ్ళు మీ పార్కుల ఫొటోలు ఫోన్‌లో చూపించి "అచ్చం ఇలాగే కావాలి, రేటు మాత్రం సగంలో కావాలి" అంటారు. మీరు అక్కడ ఒక చోట కోత పెడితే అది తిరిగి తిరిగి కూకట్‌పల్లిలో మా బీఓక్యూ (పనులు, కొలతలు, రేట్లు రాసే పట్టిక) దాకా వస్తుంది.

నేను ఇంటీరియర్ కాంట్రాక్టర్‌ని. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మా నాన్న తెనాలి దగ్గర వడ్రంగి. ఆయన పక్కన కూర్చుని చిత్రిక పట్టడం నేర్చుకున్నాను. ఆ తర్వాత కాలేజీలో నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. కాబట్టి నా దగ్గర డిజైన్ సిద్ధాంతాలు ఆశించకండి. రేట్లు తెలుసు, మెటీరియల్ తెలుసు, ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలుసు.

రెండేళ్ళ కిందట మా చెల్లెలి ఇంటికి ఇర్వైన్ వచ్చినప్పుడు అనాహైమ్‌లో మీ రెండు పార్కులూ చూశాం. అందరూ ఫోన్లలో వెయిటింగ్ టైములు చూసుకుంటూ ఒక రైడ్ నుంచి ఇంకో రైడ్‌కి పరుగులు. నేను మాత్రం గోడలు తట్టుకుంటూ వెనకాల నడిచాను. మా వృత్తిలో ఇదొక జబ్బు. వేలి కణుపుతో తడితే ప్లైవుడ్ ఒకలా పలుకుతుంది, జిప్సం బోర్డు ఇంకోలా, ఫైబర్ మరోలా. రాయి అసలు పలకదు, వేలే నొప్పెడుతుంది. "ఏమండీ, సెక్యూరిటీ వాళ్ళు చూస్తున్నారు, ఆ తట్టుడు ఆపండి" అని మా ఆవిడ. "మావయ్యా, లోపల ఎవరైనా ఉన్నారా?" అని మేనల్లుడు.

కాలిఫోర్నియా అడ్వెంచర్ గేటు దాటగానే బ్యూనా విస్టా స్ట్రీట్ వస్తుంది కదా, 1920లు, 30ల నాటి లాస్ ఏంజెలెస్ వీధిలా కట్టారు. అక్కడ ఎలియాస్ అండ్ కంపెనీ అనే పెద్ద షాపులోకి అందరూ టీషర్టుల కోసం వెళ్ళారు. నేను ఒక మూల దగ్గర ఆగాను. రెండు బీడింగులు (అంచు పట్టీలు) కలిసే చోటు. నలభై ఐదు డిగ్రీల కోత. మా సైట్లలో అయితే ఆ సందులో పుట్టీ కూరి, పైన రంగు పూసి, "సార్, ఫినిషింగ్ అయిపోయింది" అంటారు. నేను గోరు పెట్టి చూశాను. దిగలేదు. ఇంకో మూల చూశాను. అక్కడా దిగలేదు. షాపులో వందమంది ఉన్నారు, ఆ మూలని చూస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఎవరో ఒక పనివాడు అక్కడ ఒక గంట ఎక్కువ కూర్చున్నాడు. ఆ గంటకి డబ్బు కట్టినవాళ్ళు మీలో ఎవరో ఉన్నారు. ఈ ఉత్తరం ముందుగా వారికి.

ఇంటికొచ్చాక ఆ పార్కు కథ చదివాను. చదివినకొద్దీ మా వీధిలో జరిగినట్టే అనిపించింది. 1991లో మీరు అక్కడ వెస్ట్‌కాట్ అనే భారీ పార్కు కడతామని ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది, 1992 ఏప్రిల్‌లో, పారిస్ దగ్గర యూరో డిస్నీ తెరిచారు. అది అప్పుల్లో కూరుకుపోయింది. ఆ దెబ్బకి వెస్ట్‌కాట్ ఆగిపోయింది. దాని బదులు, డిస్నీల్యాండ్ పాత పార్కింగ్ స్థలంలో సుమారు 60 కోట్ల డాలర్లతో కాలిఫోర్నియా అడ్వెంచర్ కట్టి 2001 ఫిబ్రవరి 8న తెరిచారు. గేటు ముందు పెద్ద పెద్ద కాలిఫోర్నియా అక్షరాలు, గోల్డెన్ గేట్ వంతెన నమూనా, లోపలికి వెళ్ళగానే టైటానియంతో చేసిన సూర్యబింబం. ఆ బింబం ఉత్తరం వైపు తిరిగి ఉంది, ఎండ దాని మీద పడదు. అందుకని ఎండని పట్టి దాని మీదికి మళ్ళించడానికి కదిలే అద్దాలు పెట్టారు! మా నాన్న వింటే "దాన్నే కాస్త ఇటు తిప్పి పెడితే పోయేది కదరా" అనేవాడు.

ఆ పార్కులోనే హాలీవుడ్ పేరుతో కట్టిన వీధి చివర ఆకాశం బొమ్మ వేసిన గోడ ఉండేది. అక్కడి కట్టడాలు సినిమా సెట్లలా ముందు ముఖం మాత్రమే ఉన్న గోడలు. సెట్ అని తెలిసేలా కట్టడమే ఇందులో జోకు అన్నారు. జనం నవ్వలేదు. అనుకున్నంత మంది రానూ లేదు. 2007లో ఆ పార్కుని సరిచేయడానికి 110 కోట్ల డాలర్లు ప్రకటించారు. అక్షరాలు పీకి శాక్రమెంటోలోని ఎగ్జిబిషన్ మైదానానికి ఇచ్చేశారు, వంతెన పోయింది, సూర్యుడూ పోయాడు. 2012 జూన్ 15న కార్స్ సినిమాని బట్టి కట్టిన కార్స్ ల్యాండ్, దాంతో పాటు నేను గోరు పెట్టి చూసిన ఆ వీధి తెరుచుకున్నాయి. అంటే కట్టడానికి అయిన దానికంటే బాగుచేయడానికి దాదాపు రెట్టింపు అయింది. కొత్తగా వచ్చిన స్థలం, కొత్త రైడ్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ గేటు దగ్గర వీధిని పడగొట్టి మళ్ళీ కట్టిన ఖర్చు మాత్రం పూర్తిగా దండగ. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కాలిఫోర్నియా అడ్వెంచర్ మొదట తెరిచిన సంవత్సరమే, ఏడు నెలల తర్వాత, 2001 సెప్టెంబర్ 4న టోక్యోలో డిస్నీసీ తెరిచారు. డిజైన్ మీదే. డబ్బు మాత్రం ఓరియెంటల్ ల్యాండ్ కంపెనీది. పార్కు వాళ్ళది, నడిపేదీ వాళ్ళే, మీకు రాయల్టీ కడతారు. సుమారు 33,500 కోట్ల యెన్‌లు పెట్టారు. ఆ పార్కుకి ఇంతవరకు గేటు పీకి మళ్ళీ కట్టే అవసరం రాలేదు. ఇరవై మూడేళ్ళ తర్వాత, 2024 జూన్‌లో, దాదాపు అంతే డబ్బు పోసి పక్కన కొత్త భాగం కట్టుకున్నారు. పాతదాన్ని దాచుకోవడానికి కాదు, ఉన్నదానికి కలుపుకోవడానికి. ఒకే డిజైన్ ఆఫీసు, ఒకే ఏడాది, రెండు పార్కులు. తేడా ఎర్రపెన్ను ఎవరి చేతిలో ఉందన్నదే.

అయితే డిస్నీసీలో నాకు బాగా నచ్చింది ఖరీదైన వస్తువు కాదు. గేటు దాటగానే ఇటలీ రేవుపట్నంలా కట్టిన హార్బర్ ఉంది. అక్కడి ఇళ్ళ గోడల మీద కొన్ని కిటికీలు, రాతి అంచులు నిజమైనవి కావు, రంగుతో వేసినవి. ఇటలీ సముద్రతీరపు ఊళ్ళలో నిజంగానే అలా వేసుకుంటారట. నేను వెళ్ళలేదు, ఫొటోలు జూమ్ చేసి చేసి చూశాను. నీడ ఎటు పడాలో అటే పడింది. అక్కడ మెటీరియల్ ఖర్చు రంగుడబ్బా మాత్రమే. ఖరీదంతా వేసిన చేతిది. హాలీవుడ్ వీధి చివర ఆకాశం కూడా రంగే, ఇదీ రంగే. కాబట్టి మీరు నకిలీ వాడారని నేను గొడవ పెట్టడం లేదు. మొత్తం పార్కే నకిలీ, అందుకే కదా టికెట్టు కొనేది. ఆ నకిలీని ఎంత దూరం నుంచి చూస్తారో లెక్కేసి చేశారా లేదా అన్నదే నా గొడవ.

ఈ లెక్క మీకు కొత్త కాదు. ఫ్లోరిడాలో మీ సిండరెల్లా కోట ఎత్తు 189 అడుగులు. దూరం నుంచి రాతికోటలా కనిపిస్తుంది కానీ ఉక్కు, కాంక్రీటు, ప్లాస్టర్, పైన బురుజులకి ఫైబర్‌గ్లాస్. వంద అడుగుల ఎత్తులో ఫైబర్ పెడితే ఎవరికి నష్టం? కానీ కోట కింద జనం నడిచే దారిలో గోడకి ఐదు మొజాయిక్ ప్యానెళ్ళు పెట్టారు. ఒక్కోటి 15 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు. లక్షల కొద్దీ గాజుముక్కలు, 500కి పైగా రంగులు. కొన్ని ముక్కల్లో అసలు వెండి, 14 క్యారెట్ల బంగారం. బొమ్మ గీసింది డొరొతియా రెడ్మండ్. ముక్కలు పేర్చింది హాన్స్ షార్ఫ్ బృందం. ఈ షార్ఫ్ కథ వేరే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ వైమానికదళం తరఫున, పట్టుబడ్డ శత్రు పైలట్లని ప్రశ్నించే పని చేసి, చెయ్యి చేసుకోకుండా మాటల్లో పెట్టి సమాచారం లాగడంలో పేరు తెచ్చుకున్నాడు. యుద్ధం అయ్యాక అమెరికా వచ్చి మొజాయిక్ కళాకారుడయ్యాడు. ఓపిక ఉన్న మనిషి అన్నమాట.

అంటే ఒకే కట్టడంలో కంటికి మాత్రమే అందేచోట ఫైబర్, చేతికి అందేచోట బంగారం. 1971లో పెట్టిన ఆ గోడకి తల్లులు ఇప్పటికీ పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తారు. మా గుడి గోపురాలూ ఇలాగే ఉంటాయి. కింది అంతస్తు రాయి, పైవన్నీ ఇటుక, సున్నం, గచ్చుబొమ్మలు. అసలు కారణం బరువే కావచ్చు. కానీ ఫలితం చూడండి, భక్తుడి చెయ్యి తగిలేదంతా రాయి. వందల ఏళ్ళుగా చేతులు తగిలి తగిలి ఆ రాయి నున్నగా మెరుస్తుంది తప్ప పాడవదు. పైన బొమ్మలకి పన్నెండేళ్ళకోసారి కుంభాభిషేకం నాడు రంగులేస్తారు, కింద నుంచి చూసేవాడికి అది చాలు.

మీరు ఈ లెక్క మరిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1998లో డిస్నీల్యాండ్‌లో టుమారోల్యాండ్ అనే భాగాన్ని కొత్తగా చేశారు. అంతకుముందు అక్కడ పైన ట్రాక్ మీద పీపుల్‌మూవర్ అనే బండి నింపాదిగా తిరిగేది. దాన్ని తీసేసి, అదే ట్రాక్ మీద రాకెట్ రాడ్స్ అనే వేగమైన బండ్లు పెట్టారు. నెమ్మది బండికి కట్టిన ట్రాక్ కాబట్టి మలుపుల దగ్గర వాలు లేదు. వాలు కట్టడానికి బడ్జెట్ లేదు. దాంతో బండి నేరుగా ఉన్నచోట దూసుకుపోవడం, ప్రతి మలుపుకీ బ్రేకు వెయ్యడం. టైర్లు అరిగిపోయాయి, ఎప్పుడు చూసినా రిపేరే. 2000లో ఆపేశారు. ఆ ట్రాక్ నేను వెళ్ళినప్పుడు కూడా తల మీద ఖాళీగానే ఉంది. మా చెల్లెలు "అదేంటో ఎప్పుడూ నడవదు అన్నయ్యా" అంది. అదే రీమోడలింగులో స్పేస్ మౌంటెన్ అనే రైడ్ ఉన్న తెల్లటి కట్టడానికి రాగి రంగులు పూసి, కొన్నేళ్ళకే మళ్ళీ తెల్లరంగు వేశారు. రంగు ఖర్చు రెండుసార్లు.

అక్కడే మీ చిత్రకారిణి మేరీ బ్లేర్ 1967లో చేసిన రెండు పెద్ద టైల్ చిత్రాలు ఉండేవి, ప్రపంచంలోని పిల్లలందరూ ఆడుకుంటున్నట్టు. ఒకదాన్ని 1980ల్లో, రెండోదాన్ని 1998లో కప్పేశారు. ఆవిడదే ఇంకో చిత్రం ఫ్లోరిడాలో మీ కాంటెంపరరీ హోటల్ మధ్యలో 90 అడుగుల ఎత్తున ఇప్పటికీ ఉంది. అందులో ఐదు కాళ్ళ మేక ఒకటి ఉందట. హోటల్‌కి వచ్చిన పిల్లలు దాన్ని వెతుక్కుంటారు. చూశారా, రీమోడలింగుల్లో ఎవరూ జోలికి పోకుండా ఉంటే ఒక గోడ అర్ధశతాబ్దం పాటు పిల్లలకి పని పెడుతుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక ఇండోర్ పార్కు వాళ్ళు పిల్లల జోన్ మొత్తం మార్చే పని నాకిచ్చారు. పేరు అనవసరం. నేను క్యూ లైన్ పొడుగునా మూడడుగుల ఎత్తు దాకా గట్టి ప్లై, అంచులకి టేకు బీడింగ్ రాశాను. మీటింగులో వాళ్ళ ఫైనాన్స్ ఆయన బీఓక్యూ ముందేసుకుని పైనుంచి కిందికి గీతలు కొట్టుకుంటూ వచ్చాడు. ఎంట్రన్స్ మీద ఎల్ఈడీ బోర్డు జోలికి పోలేదు, ఫొటోల్లో పడుతుంది కాబట్టి. క్యూ దగ్గర ఆగాడు. "ఇక్కడ ఎవరు చూస్తారండీ, నిలబడే చోటే కదా. ఎండీఎఫ్ మీద మైకా వేసి పీవీసీ అంచు కొట్టెయ్యండి" అన్నాడు. (ఎండీఎఫ్ అంటే చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక.) దీన్ని పెద్ద మాటల్లో వాల్యూ ఇంజినీరింగ్ అంటారు. నేను కాదనలేదు. బిల్లు పెండింగులో ఉంది, నోరు లేవలేదు.

ఎనిమిది నెలల తర్వాత పిలిచారు. వెళ్ళి చూస్తే ఎంట్రన్స్ బోర్డు నిక్షేపంలా వెలుగుతోంది. క్యూ లైన్ మాత్రం ఎలకలు కొరికినట్టుంది. ఒక పక్కన నిలబడి చూశాను. ఐదేళ్ళ పిల్లాడు, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఏం తోచట్లేదు. రెండో చెయ్యి గోడ మీదికి పోయింది. పీవీసీ అంచు కింద సందు దొరికింది. గోటితో లేపాడు, రెండంగుళాలు ఊడింది. క్యూ జరిగింది, వాడూ జరిగాడు. వెనకున్న పాప అక్కణ్ణించి అందుకుంది. ఆ పిల్లలు అల్లరివాళ్ళేం కాదు. అరగంట నిలబెడితే ఏ పిల్లాడైనా చేసే పనే. ఎండీఎఫ్ లోపలికి తుడుపు నీళ్ళు పోయి, పూరీలా ఉబ్బింది. మళ్ళీ అంతా పీకి, నేను మొదట రాసిన ప్లై, టేకు పెట్టాం. పీకే కూలీ, చెత్త తీసే లారీ, జోన్ మూసిన పదిహేను రోజుల నష్టం వాళ్ళకి అదనం.

ఆ రోజు నుంచి నాకు ఒకటే లెక్క. క్యూలో గంట నిలబడినవాడు రైడ్‌లో ఉండేది ఐదు నిమిషాలు. మీ బడ్జెట్ కాగితంలో ఈ నిష్పత్తి తిరగబడి ఉంటుంది. యంత్రానికి, సినిమా తెరకి, బొమ్మకి డబ్బంతా పోయి, ఆ గంటసేపు మనిషి ఆనుకుని నిలబడే గోడకి వచ్చేసరికి "మిగిలింది" అనే పద్దు కిందకి వస్తుంది.

చూడగలిగినప్పుడు మీరు ఎంత బాగా చూస్తారో కూడా చెప్పాలి. ఫ్లోరిడాలో మీ యానిమల్ కింగ్‌డమ్‌లో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు. మా బావగారు ఫొటోలు పంపితే నేను నిజంగా ఇండియాలోదే అనుకున్నాను. (విశాఖ దగ్గర మాకు అసలు ఆనందపురమే ఉంది లెండి.) పెచ్చులూడిన గోడ, గోడ మీద వెలిసిపోయిన ప్రకటనలు, ఒకదాని మీద ఒకటి అంటించి చింపిన పోస్టర్లు, స్తంభం మీద చిక్కుపడ్డ కరెంటు వైర్లు. మాకు పైసా ఖర్చు లేకుండా వచ్చేదాన్ని మీరు డాలర్లు పోసి తయారుచేశారు! నవ్వు వచ్చింది, కానీ పనివాడిగా దండం పెట్టాను. కొత్త గోడని పాతగా చెయ్యడం పాతగోడని కొత్తగా చెయ్యడం కంటే పది రెట్లు కష్టం. తుప్పు ఎక్కణ్ణించి కారుతుందో, చెయ్యి ఎక్కడ ఆని మాసిపోతుందో తెలిసినవాడే చెయ్యగలడు.

మీ పోటీదారుల సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. 2010లో యూనివర్సల్ వాళ్ళు ఓర్లాండోలో పాత భాగాన్ని మార్చి హ్యారీ పాటర్ ల్యాండ్ చేసినప్పుడు సినిమాల ప్రొడక్షన్ డిజైనర్ స్టూవర్ట్ క్రెయిగ్‌నే కూర్చోబెట్టారు. షాపులు కథలో ఉన్నట్టే ఇరుకుగా కట్టారు. వ్యాపారం తెలిసినవాడెవడూ అంత చిన్న షాపు కట్టడు. ఆ షాపులోకి వెళ్ళడానికి జనం బయట క్యూ కట్టారు. గది చూడటానికి క్యూ!

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "పారిస్‌లో నాణ్యతకి పోయి మునిగాం కదా" అంటారు. ఆ వాదన నేను ఒప్పుకోను. పారిస్ పార్కు లోపలి పని మీ పార్కులన్నిటిలోనూ అందమైనదని చూసినవాళ్ళు చెప్తారు. అక్కడ వానలు ఎక్కువని మెయిన్ స్ట్రీట్‌కి రెండు పక్కలా కప్పున్న ఆర్కేడ్‌లు కట్టారు, తడవకుండా నడవచ్చు. మిమ్మల్ని ముంచింది ఆ ఆర్కేడ్‌లు కాదు. మొదటిరోజే దాదాపు 5,200 హోటల్ గదులు కట్టేసి, అవి నిండక, అప్పుకి వడ్డీ కట్టలేక మునిగారు. తప్పు గదుల సంఖ్యలో జరిగితే శిక్ష గోడల ఫినిషింగ్‌కి వేశారు. పైగా ఆ భయంతోనే 2002లో దాని పక్కన రెండో పార్కుని స్టూడియో షెడ్లలా కట్టారు. దాన్ని సరిచేయడానికి 2018లో 200 కోట్ల యూరోలు ప్రకటించాల్సి వచ్చింది. అనాహైమ్ కథే, భాష మాత్రం ఫ్రెంచి.

అన్నిటికీ డబ్బే పరిష్కారం అనడం లేదు. మీ హోటల్ గదుల్లో కార్పెట్ తీసి వినైల్ ఫ్లోరింగ్ వేస్తున్నారని చాలామంది అభిమానులు గొణుగుతున్నారు. నేను మీ పక్షమే. కార్పెట్‌లో దుమ్ము, తడి, వాసన. గది శుభ్రం చేసే ఆవిడ నడుము గురించి కూడా ఆలోచించాలి కదా. కానీ నేల చల్లబడినప్పుడు గోడ వెచ్చబడాలి. నేలా వినైలే, గోడా తెలుపే, లైటూ తెలుపే, మంచం పైన ఒక కార్టూన్ ఫ్రేము అంటే అది హాస్పిటల్ గదికి మిక్కీ స్టిక్కర్ వేసినట్టుంటుంది. ఫ్లోరిడాలో మీ పాలినేషియన్ హోటల్ లాబీలో 1971 నుంచి లోపలే పెద్ద జలపాతం, దాని చుట్టూ తోట ఉండేవి. 2014లో తీసేసి చిన్న ఫౌంటెన్ లాంటిది పెట్టారు. నీళ్ళున్న చోట లీకేజీ ఉంటుంది, పంపు ఉంటుంది, తేమకి సీలింగ్ చెడుతుంది, కాంట్రాక్టర్‌గా నాకు అన్నీ తెలుసు. అయినా ఆ హోటల్‌కి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ ఆ నీళ్ళ చప్పుడు గురించే చెప్పుకుంటారు. చప్పుడు కూడా ఇంటీరియరే. దానికి బీఓక్యూలో కాలమ్ లేదు, అందుకే ముందు అది పోతుంది.

2023లో మీరు పదేళ్ళలో పార్కులు, ఓడలు అన్నీ కలిపి సుమారు 6,000 కోట్ల డాలర్లు పెడతామన్నారు. 2024లో అనాహైమ్ నగర కౌన్సిల్ మీ విస్తరణకి ఒప్పుకుంది. అక్కడే కనీసం 190 కోట్ల డాలర్లు పెట్టాలి. డిస్నీల్యాండ్‌లో రద్దీ రోజుల టికెట్టు 200 డాలర్లు దాటింది, మా లెక్కలో మనిషికి పదిహేడు వేల పైనే. నలుగురున్న కుటుంబం వెళ్ళొస్తే మా ఊళ్ళో ఒక బెడ్‌రూమ్‌కి వార్డ్‌రోబ్ వస్తుంది. కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

నేల నుంచి ఏడడుగుల దాకా, చెయ్యి అందేంత లోతు దాకా ఉన్నదంతా బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు కింద పెట్టండి. మొత్తం ఖర్చులో అది పెద్ద భాగమేం కాదు. డబ్బు చాలనప్పుడు మిగతా ఎక్కడైనా కొట్టండి, పైకప్పు మీద, వెనక గోడల మీద, అవసరమైతే ఒక రైడే తగ్గించండి. ఆ పద్దు మాత్రం డిజైనర్ సంతకం లేకుండా ఎవరూ ముట్టకూడదు. ఏ మెటీరియల్ ఎంచినా కొన్న ధర పక్కనే, అదే వరుసలో, పదేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు మారుస్తారో ఆ ధర కూడా రాయండి. ఈ రెండో అంకె కనపడకపోవడం వల్లే ఎండీఎఫ్ ఎప్పుడూ చవగ్గా కనిపిస్తుంది. క్యూ లైన్ ముక్క ఒకటి, పదడుగులు చాలు, నమూనాగా కట్టి, ఇప్పుడు నడుస్తున్న ఏదో ఒక రైడ్ దగ్గర నెల్లాళ్ళు వదిలెయ్యండి. మీ ల్యాబులో చెయ్యలేని పరీక్ష పిల్లలు ఊరికే చేసిపెడతారు.

మార్చిన తప్పుని వెనక్కి తీసుకోవడానికి మీరు సిగ్గుపడరని కూడా తెలుసు. ఫ్లోరిడాలో మీ ఎప్‌కాట్ పార్కులో 1999లో ఫిగ్‌మెంట్ అనే డ్రాగన్ బొమ్మని దాదాపు తీసేసి, జనం గోల పెడితే 2002లో తిరిగి తెచ్చారు. ఫ్లోరిడాలోనే, పక్షిబొమ్మలు పాడే టికీ రూమ్‌కి 1998లో కొత్త షో పెట్టి, 2011లో పాతదాన్నే మళ్ళీ నడిపించారు. అందుకే ఇంకొకటి అడుగుతున్నాను. టుమారోల్యాండ్‌ని మళ్ళీ ముట్టుకునే రోజు వస్తే, మేరీ బ్లేర్ టైల్స్‌ని కప్పిన ఆ గోడల్లో ఒకదాన్ని జాగ్రత్తగా విప్పి చూడండి. వెనక పది టైల్స్ బతికున్నా సరే, అద్దం కూడా పెట్టకుండా పిల్లల చెయ్యి అందే ఎత్తులో బిగించండి.

మా మేనల్లుడికి ఇప్పుడు ఏడేళ్ళు. వచ్చే వేసవికి మళ్ళీ వస్తున్నాం. వాడు కూడా తట్టడం నేర్చుకున్నాడని చెల్లెలు ఫోన్‌లో తిడుతోంది.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్